డివిజన్ 2 కొత్త సీజన్: అందరూ మోంజా తిప్పుతున్నారు, లెక్క తేలేది మాత్రం దసరా తర్వాతే

ప్రశ్న: ఆగస్టులో మొదలయ్యే సీజన్‌కి మన ఆన్‌లైన్ కార్ రేసింగ్ లీగ్ డివిజన్ 2లో మొదటిసారి పేరు ఇచ్చాను. మాది హన్మకొండ, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. కంప్యూటర్‌కి పెట్టుకునే లాజిటెక్ జీ29 స్టీరింగ్ వీల్ ఉంది. అసెట్టో కోర్సా కాంపిటిజియోనే గేమ్‌లో మోంజా ట్రాక్ ల్యాప్ 1:49లో తిప్పుతున్నాను. ఈసారి సీజన్ ఎలా ఉండబోతోంది? గట్టివాళ్ళు ఎవరు? ఏ రేసుల మీద ఎక్కువ టైం పెట్టాలి? మొదటి ముగ్గురిలో వచ్చి డివిజన్ 1కి వెళ్ళే ఛాన్స్ ఉందా?

జవాబు:

తమ్ముడూ, నీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఛాన్స్ ఉంది. మోంజాలో ప్రతి ల్యాప్ 1:49 దగ్గర ఉంచగలిగితే డివిజన్ 2లో పాయింట్లు వచ్చే చోటే ఉంటావు. ఈ లీగ్‌లో నేను మొదట డివిజన్ 2లో, తర్వాత డివిజన్ 1లో నడిపాను. ఇప్పుడు రేసు అయ్యాక వచ్చే ఫిర్యాదుల రీప్లేలు చూసి పెనాల్టీలు వేసే పని చేస్తున్నాను. అందుకే రెండో డివిజన్‌లో ఎవరు ఎక్కడ గెలుస్తారో కన్నా, ఎవరు ఎక్కడ ఆగిపోతారో నాకు బాగా తెలుసు. ఈ సీజన్ క్యాలెండర్‌లో చివరి మూడు రేసులు సుజుకా, క్యాలామి, మౌంట్ పనోరమా. టైటిల్, ప్రమోషన్ రెండూ ఆ మూడింటి మీదే ఆధారపడి ఉన్నాయి. ఇప్పుడు ప్రాక్టీస్ సర్వర్ తెరిచి చూస్తే మాత్రం అందరూ మోంజాలోనే తిరుగుతున్నారు.

ముందు పాయింట్ల సంగతి చూద్దాం, ఎందుకంటే చాలామంది ఇది సరిగ్గా చూడకుండానే సీజన్ మొదలుపెడతారు. మొత్తం ఎనిమిది రేసులు, రెండు వారాలకో ఆదివారం రాత్రి. ఎవరు ఏ స్థానం నుంచి మొదలుపెట్టాలో తేల్చే 15 నిమిషాల క్వాలిఫైయింగ్, తర్వాత గంట రేసు, అందులో టైర్లకో పెట్రోల్‌కో ఆగే పిట్ స్టాప్ తప్పనిసరిగా ఒకటి. పాయింట్లు ఫార్ములా వన్ పద్ధతిలో 25, 18, 15, 12, 10, 8, 6, 4, 2, 1. అతి తక్కువ వచ్చిన ఒక రేసుని లెక్కలోంచి తీసేస్తారు, దాన్నే డ్రాప్ రేసు అంటాం. ఇప్పుడు ఒకరు నాలుగు రేసులు గెలిచి, మిగతా నాలుగింటిలో గుద్దుకుని ఆగిపోయారనుకో. మొత్తం 100. ఇంకొకరు ఒక్క రేసూ గెలవకుండా ఏడుసార్లు మూడో స్థానంలో వస్తే 105. ఏడుసార్లు నాలుగో స్థానం అంటే 84, ఐదో స్థానం అంటే 70. ప్రమోషన్‌లో మూడో సీటు 75కీ 85కీ మధ్యలో తేలుతుందని నా అంచనా. అంటే నువ్వు పోడియం ఎక్కకుండానే డివిజన్ 1కి వెళ్ళగలవు. కాకపోతే ఏడు రేసులు పూర్తి చేయాలి. రెండో డివిజన్‌లో అన్నిటికన్నా కష్టమైన పని అదే.

ఎందుకు కష్టమో చెప్తాను. డివిజన్ 1లో పక్కవాడు ఎక్కడ బ్రేక్ వేస్తాడో అందరికీ ఒక అంచనా ఉంటుంది. అందరి స్పీడూ దగ్గర దగ్గరగా ఉంటుంది కాబట్టి ఓపిగ్గా వెనకే ఉంటారు. డివిజన్ 2లో మూడు రకాల వాళ్ళు కలిసి ఉంటారు. పైనుంచి కిందకి వచ్చి, మళ్ళీ పైకి పోవాలని తొందరలో ఉన్నవాళ్ళు ఒక రకం. స్పీడ్ బాగా ఉండి గంటసేపు నిలకడగా నడపలేనివాళ్ళు ఇంకో రకం. మూడోది నీలాగా కొత్తగా వస్తున్నవాళ్ళు. ఒకే మలుపుకి ఈ ముగ్గురూ మూడు చోట్ల బ్రేక్ వేస్తారు. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం మొదటి రెండు ల్యాప్‌లవే, అదీ ఆరో స్థానం నుంచి పదిహేనో స్థానం మధ్యవే.

ఈసారి గట్టివాళ్ళ గురించి. పేర్లు వద్దు, ఊరు, కారు చెప్తే సర్వర్‌లో నీకే తెలిసిపోతుంది. గోదావరిఖని నుంచి పోర్షే నడిపే అన్న ఉన్నాడు. ఒక్క ల్యాప్ స్పీడ్‌లో ఈ డివిజన్‌లో ఆయనను మించినవాళ్ళు లేరు. కానీ ఆయనది సింగరేణిలో షిఫ్టుల ఉద్యోగం, నైట్ షిఫ్ట్ పడిన ఆదివారం రాలేడు. డ్రాప్ రేసు ఒక్కటే కాబట్టి ఇంకో రేసు కూడా పోయిందంటే ఆ సున్నా లెక్కలోకి వస్తుంది. కాజీపేట ఫెరారీ 296 క్వాలిఫైయింగ్‌లో ముందు వరుసలో ఉంటాడు, రేసులో ట్రాక్ దాటినందుకు పెనాల్టీలు తెచ్చుకుంటాడు. మెర్సిడెస్ నడిపే కరీంనగర్ తమ్ముడు డివిజన్ 1 నుంచి కిందకి వచ్చాడు. పైన నడిపిన అనుభవం వల్ల తన చుట్టూ కార్లు ఉన్నా కంగారు పడడు. టైటిల్‌కి మాత్రం నేను నిజామాబాద్ బీఎండబ్ల్యూ పేరే చెప్తాను. ఆయన క్వాలిఫైయింగ్‌లో ఏడో ఎనిమిదో వస్తాడు, రేసు అయ్యేసరికి నాలుగో స్థానంలో ఉంటాడు. ఆయన రీప్లేలు చూడు. పక్కన కారు వచ్చిందంటే ఒక కారంత చోటు వదిలి, తర్వాతి మలుపులో తీసుకుంటాడు. ఈ సీజన్‌లో నువ్వు నేర్చుకోవాల్సింది ఆయన దగ్గరే.

ఇక క్యాలెండర్. మోంజా, బ్రాండ్స్ హాచ్, న్యూర్బర్గ్‌రింగ్ గ్రాండ్ ప్రి ట్రాక్, స్పా, తర్వాత దసరా సెలవు, ఆ తర్వాత బార్సిలోనా, సుజుకా, క్యాలామి, మౌంట్ పనోరమా. మొదటి ఐదు ట్రాకులు గేమ్‌తో పాటే వస్తాయి. చివరి మూడూ 2020లో వచ్చిన ఇంటర్‌కాంటినెంటల్ జీటీ ప్యాక్‌లోవి, విడిగా కొనాలి. ఆ ప్యాక్ లేకపోతే సర్వర్‌లోకి అడుగే పెట్టలేవు. చాలామంది 'దసరా తర్వాత కదా, అప్పుడు చూద్దాంలే' అని ఆగుతారు. రేసుకి వారం ముందు కొని, నాలుగు రోజులు తిప్పి వచ్చేస్తారు. ఎనిమిదింటిలో మూడు రేసులు, అంటే గరిష్టంగా 75 పాయింట్లు, తెలియని ట్రాకుల మీద పంచుకుంటారన్న మాట. గేమ్‌లు అమ్మే స్టీమ్ సైట్‌లో సమ్మర్ సేల్ జూన్ చివర మొదలై జులై దాకా ఉంటుంది. పాత ప్యాక్‌ల ధర అప్పుడు బాగా తగ్గుతుంది. ఈ సేల్‌లోనే కొనేయ్.

మోంజా గురించి నీకు నేను కొత్తగా చెప్పేది తక్కువ. 5.793 కిలోమీటర్లు, 11 మలుపులు. పొడవైన స్ట్రెయిట్ చివర మొదటి చికేన్, అంటే వెంటవెంటనే అటూ ఇటూ తిరిగే ఇరుకు మలుపుల జంట, ఉంది. అక్కడికి ముప్పై దాకా కార్లు గంటకి 250 కిలోమీటర్లు దాటిన వేగంతో వచ్చి, రెండు కార్లే పట్టే సందులోకి దూరాలి. మొదటి ల్యాప్‌లో అక్కడ ఏదో ఒకటి జరుగుతుంది. నువ్వు పదో స్థానం నుంచి మొదలుపెడితే, మామూలు కన్నా ముందుగా బ్రేక్ వేసి, ముందు కారు వెనకే ఉండు. వెనకవాడు గుద్దుతాడేమో అనే భయం ఉంటుంది, నిజమే. అందుకే బ్రేక్ ఒక్కసారిగా తొక్కకుండా, కొంచెం ముందే మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ పోవాలి, వెనకవాడికి నువ్వు ఆగుతున్నట్టు తెలియాలి. స్లిప్‌స్ట్రీమ్ వల్ల (ముందు కారు వెనకే ఉంటే గాలి తక్కువ తగిలి వేగం పెరుగుతుంది) మోంజాలో పోయిన స్థానాలు మళ్ళీ తెచ్చుకోవడం మిగతా ట్రాకులతో పోలిస్తే తేలిక. మొదటి మలుపులో రెండు స్థానాలు వదులుకున్నా నష్టం లేదు. ఇంకొకటి: లెస్మో మలుపుల్లో, అస్కారీలో ట్రాక్ అంచున ఉండే కెర్బ్ దాటి వెళ్తే వార్నింగులు వస్తాయి. అవి కూడుకుంటే డ్రైవ్ త్రూ, అంటే పిట్ లేన్ గుండా నెమ్మదిగా వెళ్ళి రావాల్సిన పెనాల్టీ, పడుతుంది. గంట రేసులో డ్రైవ్ త్రూ పడిందంటే ఆ రేసుని డ్రాప్ లెక్కలో రాసుకోవచ్చు.

బ్రాండ్స్ హాచ్ దీనికి పూర్తిగా వేరు. 3.916 కిలోమీటర్లు, ఇరుకు రోడ్డు, ల్యాప్ ఒక నిమిషం 23 సెకన్ల చుట్టూ ఉంటుంది. దాటడానికి చోటు దొరకదు కాబట్టి సీజన్ మొత్తంలో క్వాలిఫైయింగ్ విలువ ఎక్కువగా ఉన్న రేసు ఇది. మొదటి మలుపు ప్యాడాక్ హిల్ కిందకి జారిపోతుంది, లోపలికి తిరిగేటప్పుడు మలుపు చివర కనబడదు. ఇక్కడ రోజుకి అరగంట చొప్పున వారం తిప్పితే క్వాలిఫైయింగ్‌లో మూడు నాలుగు స్థానాలు మెరుగవుతాయి. రేసు రెండో సగమంతా వెనకబడిన కార్లను దాటుకుంటూ పోవాలి. నీలం జెండా చూపించగానే ముందువాడు పక్కకి తప్పుకుంటాడని అనుకోవద్దు. డ్రూయిడ్స్ అనే బాగా వంకర మలుపు దాకా ఓపిక పట్టు.

న్యూర్బర్గ్‌రింగ్, బార్సిలోనా రెండూ అందరికీ తెలిసిన ట్రాకులు, రోడ్డు పక్కన చోటు ఎక్కువ, తప్పు జరిగినా కారు బతుకుతుంది. న్యూర్బర్గ్‌రింగ్ మొదటి మలుపు వెడల్పుగా కనిపిస్తుంది కాబట్టి నలుగురు పక్కపక్కన దూరతారు, బయటికి వచ్చేది ఇద్దరే. ఆ ఒక్క మలుపు జాగ్రత్త. బార్సిలోనాలో ఎడమ ముందు టైరు త్వరగా వేడెక్కుతుంది, మూడో మలుపులో స్టీరింగ్ ఎక్కువ తిప్పి ఉంచకు. ఈ రెండింటికీ ఇంతకన్నా టైం పెట్టక్కర్లేదు.

స్పా దగ్గర మాత్రం ఆగాలి. 7.004 కిలోమీటర్లు, ల్యాప్ రెండు నిమిషాల 19 సెకన్లు అనుకుంటే పిట్ స్టాప్ కలిపి గంటలో 25 ల్యాప్‌ల పైన వస్తాయి. ఈసారి అక్కడ మారే వాతావరణం పెట్టారు. గేమ్‌లోనే పది నిమిషాల తర్వాత, ముప్పై నిమిషాల తర్వాత వాన ఎలా ఉంటుందో చూపిస్తుంది. పిట్ స్టాప్ ఎలాగూ తప్పనిసరి కాబట్టి, టైర్లు మార్చాల్సిన క్షణాన్నే ఆ స్టాప్ చేసినవాడికి ఒక స్టాప్ మిగులుతుంది. వాన మొదలవగానే అందరూ పిట్‌లోకి పరుగెత్తుతారు. సన్న తుంపర అయితే మామూలు టైర్ల మీదే రెండు మూడు ల్యాప్‌లు ఓర్చుకోవచ్చు. వాన ఆగి రోడ్డు ఆరుతున్నప్పుడు వాన టైర్లు వేడెక్కి పాడవుతాయి, అప్పుడు స్ట్రెయిట్‌ల మీద రోడ్డు తడిగా ఉన్న పక్కకి కారు తీసుకెళ్తే కొంచెం చల్లబడతాయి. వాన ప్రాక్టీస్ ఎవరూ చేయరు, అదొక్కటి చెప్పగలను. వారంలో ఒక సాయంత్రం ఒంటరిగా వాన పెట్టుకుని స్పా తిప్పు. తడిలో స్పాలోని ఓ రూజ్ అనే మలుపు దగ్గర యాక్సిలరేటర్ ఎంత వదలాలో చేతికి, కాలికి తెలియాలి. అది చదివితే రాదు.

స్పా రేసు పడేది మన దగ్గర వానలు ఇంకా తగ్గని రోజుల్లో. కాబట్టి ట్రాక్ మీది వానతో పాటు వరంగల్ వాన గురించి కూడా ఆలోచించాలి. గాలివాన వస్తే కరెంటు పోతుంది, ఒక్క క్షణం మిణుకుమన్నా కంప్యూటర్ ఆగిపోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని మీద మోడ్ మార్చే స్విచ్ ఉందేమో చూడు, చాలా వాటికి ఉంటుంది. యూపీఎస్ మోడ్‌లో పెడితే కరెంటు పోయినప్పుడు బ్యాటరీకి చాలా వేగంగా మారుతుంది, ఎక్కువ కంప్యూటర్లు ఆగకుండా నిలబడతాయి. మామూలు మోడ్‌లో ఫ్యాన్లకి సరిపోతుంది కానీ కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. ఇన్వర్టర్ లాగగలిగే లోడ్ ఎంతో కూడా చూసుకో, గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న కంప్యూటర్‌తో పాటు ఇంట్లో అన్ని ఫ్యాన్లూ దాని మీదే ఉంటే కష్టం. ఫైబర్ మోడెమ్ కూడా ఇన్వర్టర్ లైన్ మీదే ఉండాలి. చాలామంది కంప్యూటర్‌కి పెట్టి దీన్ని మర్చిపోతారు. నెట్ వేసిన ఆయనను అడిగి మీ వీధిలో ఆయన పెట్టిన బాక్సుకి బ్యాటరీ ఉందో లేదో తెలుసుకో. అది ఆగితే నీ ఇంట్లో ఎన్ని బ్యాటరీలు ఉన్నా నెట్ రాదు. వైఫై వాడొద్దు, ల్యాన్ కేబుల్ తీసుకో. పింగ్ (సర్వర్‌కి సిగ్నల్ వెళ్ళి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) 40 ఉందా 60 ఉందా అన్నది పెద్ద విషయం కాదు, అది ఒక్కసారి 300కి ఎగిరిందంటే పక్కవాళ్ళ స్క్రీన్ మీద నీ కారు గెంతుతుంది. అలా గెంతిన కారు వల్ల యాక్సిడెంట్ జరిగితే తప్పు నీ పేరు మీదే పడుతుంది. 2023 జనవరిలో వర్చువల్ లె మాన్స్ 24 గంటల రేసులో మాక్స్ వెర్స్టాపెన్ టీమ్ ముందున్నప్పుడు కనెక్షన్ తెగి, చివరికి రేసే వదిలేయాల్సి వచ్చింది. అక్కడ జరిగింది సర్వర్ల ఇబ్బంది, మన చేతిలో లేనిది. ఇంట్లో కేబుల్, ఇన్వర్టర్ మన చేతిలో ఉన్నవి.

దసరా సెలవు పెట్టడం ఈసారి అడ్మిన్‌లు తీసుకున్న మంచి నిర్ణయం. సద్దుల బతుకమ్మ రోజు సాయంత్రం తలుపేసుకుని రేసు ఆడితే ఇంట్లో ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. ఆ రోజుల్లో సగం మంది సొంత ఊళ్ళకి పోతారు, వీల్ వెంట తీసుకెళ్ళరు. నాలుగు వారాల తర్వాత తిరిగి వచ్చేసరికి చేతికి పాత అలవాటు కొంచెం పోయి ఉంటుంది. అప్పుడు మొదలయ్యే నాలుగు రేసుల్లో మూడు కొత్త ట్రాకులు. చివరి మూడు రేసులు నిర్ణయిస్తాయని నేను అనడానికి ఇది ఇంకో కారణం.

సుజుకా ముందు వస్తుంది. 5.807 కిలోమీటర్లు, ఎనిమిది అంకె ఆకారంలో తన మీద నుంచే తను దాటిపోయే ట్రాక్. మొదటి భాగంలో వరసగా వచ్చే ఎస్ మలుపుల్లో ఒకదానిలో కారు అర మీటరు బయటికి పోయిందంటే, దాని తర్వాతి మూడు మలుపులూ పాడవుతాయి. కొత్తవాళ్ళు మొదటి మలుపు నుంచే టైం సంపాదించాలని చూస్తారు. మొదటి రెండింటిలో కొంచెం నెమ్మదిగా వెళ్ళి, చివరి ఎస్ నుంచి డన్‌లప్ మలుపు పైకి ఎక్కేటప్పుడు కారు సరిగ్గా ఉంటే సెకనులో మూడో వంతు అక్కడే వస్తుంది. డెగ్నర్ రెండో మలుపు బయట గ్రావెల్ (కంకర) దగ్గరలోనే ఉంది, అందులో పడితే రేసు ముగిసినట్టే. 130ఆర్ అనే వేగమైన మలుపు పేరు విని భయపడతారు కానీ, మనం నడిపే జీటీ3 తరగతి కారుకి అసలు ఇబ్బంది దాని తర్వాతి చికేన్. అక్కడ లోపలికి దూరేవాళ్ళ వల్లే ఫిర్యాదులు వస్తాయి. వెనక కారు దగ్గరగా ఉంటే 130ఆర్ బయటికి రాగానే లోపలి పక్క కాపాడుకో.

క్యాలామి దక్షిణాఫ్రికాలో ఉంది, 4.529 కిలోమీటర్లు. ఎత్తుపల్లాలు ఎక్కువ. కొన్ని చోట్ల రోడ్డు గట్టు ఎక్కి దిగేదాకా మలుపు కనబడదు, కాబట్టి బ్రేకింగ్ పాయింట్‌కి కళ్ళ మీద ఆధారపడలేం, పక్కనున్న బోర్డో గోడో గుర్తు పెట్టుకోవాలి. గడ్డి మీదకి చక్రం పెడితే కారు తిరుగుతుంది. నా అభిప్రాయంలో ఈ సీజన్‌లో నీకు మంచి పాయింట్లు వచ్చే రేసుల్లో ఇదొకటి. అందరి చూపూ ముందు సుజుకా మీద, తర్వాత మౌంట్ పనోరమా మీద ఉంటుంది కాబట్టి మధ్యలో ఉన్న క్యాలామికి ప్రాక్టీస్ చేసేవాళ్ళు తక్కువ. సెప్టెంబర్ దాకా వారానికి ఒక సాయంత్రం దీనికి ఇస్తే నువ్వు మొదటి ఐదుగురిలో ఉండగలవు.

మౌంట్ పనోరమా చివరి రేసు. ఆస్ట్రేలియాలో బాథర్స్ట్ ఊరి పక్కన కొండ మీద ఉన్న ట్రాక్. 6.213 కిలోమీటర్లు, 23 మలుపులు. కింది నుంచి పై దాకా 174 మీటర్ల ఎత్తు తేడా. రేసులు లేని రోజుల్లో అది మామూలు రోడ్డే, మనుషులు గంటకి 60 కిలోమీటర్ల పరిమితిలో కార్లు నడుపుతారు. అందుకే కొండ మీద రోడ్డు పక్కన ఖాళీ చోటు లేదు, కాంక్రీట్ గోడలే ఉన్నాయి. కట్టింగ్ అనే మలుపు నుంచి ఫారెస్ట్స్ ఎల్బో అనే మలుపు దాకా ఉన్న ముక్కలో వేలు వెడల్పు తప్పు చేసినా కారు గోడకి తగులుతుంది. కొండ పైన స్కైలైన్ అనే చోటు దాటగానే రోడ్డు కింద పడిపోయినట్టు అనిపిస్తుంది, అక్కడ బ్రేక్ మీద కాలు వణికితే తర్వాత వచ్చే డిప్పర్ మలుపు దగ్గర వెనక చక్రాలు జారతాయి.

ఇక్కడ ఎలా నడపాలో గట్టిగా చెప్తున్నాను. కొండ మీద నీ వేగంలో కొంచెం వదిలేయ్. ఒక ల్యాప్‌కి సెకను పోతుంది. కొండ దిగాక వచ్చే కాన్‌రాడ్ స్ట్రెయిట్ పొడవైనది. ఫారెస్ట్స్ ఎల్బో నుంచి కారు శుభ్రంగా బయటికి వస్తే స్లిప్‌స్ట్రీమ్‌లో ఆ సెకనులో కొంత తిరిగి వస్తుంది. రెండు నిమిషాల మూడు సెకన్ల ల్యాప్ అనుకుంటే గంటకి ముప్పై ల్యాప్‌లకి కాస్త తక్కువ. అన్ని ల్యాప్‌లు గోడ తగలకుండా తిప్పగలిగినవాళ్ళు ఈ డివిజన్‌లో పదిమంది ఉండరని నా నమ్మకం. అంటే గోడ తగలకుండా రేసు ముగిస్తే పాయింట్లు వచ్చినట్టే. కొండ మీద ఎవరినీ దాటకు, ఎవరైనా దాటాలని చూస్తే కాన్‌రాడ్ దాకా ఆగమన్నట్టు నీ లైన్ మార్చకుండా నేరుగా వెళ్ళు. ప్రమోషన్ కోసం పోట్లాడే నలుగురైదుగురిలో కనీసం ఇద్దరు ఆ రాత్రి కొండ మీదే ఆగిపోతారు.

కారు విషయం. జీ29 పెడల్స్‌లో బ్రేక్ కింద రబ్బరు ముక్క గట్టిగా ఉంటుంది, ఎంత ఒత్తుతున్నామో సన్నగా తెలియదు. వెనక ఇంజిన్ ఉన్న పోర్షే బ్రేక్ వదిలే తీరు మీద చాలా ఆధారపడుతుంది, కాబట్టి నీ పెడల్స్‌తో అది వద్దు. మెర్సిడెస్ కానీ బీఎండబ్ల్యూ కానీ తీసుకో. ముందు ఇంజిన్ ఉన్న ఈ రెండూ కెర్బ్‌ల మీద నిలకడగా ఉంటాయి, గంటసేపు అలసట తెలియనివ్వవు. సీజన్ మధ్యలో కారు మార్చొద్దు. మన నియమాల్లో ఒకసారి మార్చుకునే వీలు ఉంది కానీ, దాన్ని వాడుకుని లాభపడినవాళ్ళను నేను చూడలేదు.

సెటప్‌లో, అంటే కారుకి చేసే సర్దుబాట్లలో, ఒక్క విషయం పట్టుకో: టైర్ ప్రెషర్. 2023లో వచ్చిన గేమ్ 1.9 వెర్షన్‌లో టైర్ల పద్ధతి మార్చారు. అప్పటి నుంచి జీటీ3 కార్లకి పొడి రోడ్డు మీద, టైర్లు వేడెక్కాక, 26 నుంచి 27 పీఎస్ఐ మధ్య ఉండాలి. అంతకు ముందు 27.5 దగ్గర ఉంచేవాళ్ళం. యూట్యూబ్‌లో ఇప్పటికీ పాత వీడియోలే ముందు వస్తాయి, అవి చూసి ఎక్కువ గాలి పెట్టుకుని కారు జారుతోందని బాధపడేవాళ్ళు ప్రతి సీజన్‌లో కనిపిస్తారు. గాలి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారితే ప్రెషర్ సుమారుగా 0.1 మారుతుంది, కాబట్టి సర్వర్‌లో ఉష్ణోగ్రత చూసి సరిచేసుకో. మిగతా సెటప్ గేమ్‌లో ఇచ్చిన 'అగ్రెసివ్' సెటప్‌తోనే మొదలుపెట్టు. దాన్ని పూర్తిగా వాడే దాకా ఎవరి దగ్గరా సెటప్ ఫైల్ కొనకు.

ఇంధనం లెక్క చేతితోనే వేసుకోవచ్చు. మోంజాలో నీ ల్యాప్ 109 సెకన్లు, గంటకి 3600 సెకన్లు, భాగిస్తే 33. పిట్‌లో పోయే టైం వల్ల ఒకటి తగ్గొచ్చు, అయినా నువ్వు 34కి, దాంతో పాటు రేసుకి ముందు వరుసలో తిరిగే ఫార్మేషన్ ల్యాప్‌కి కలిపి పోసుకో. ఒక ల్యాప్‌కి ఎన్ని లీటర్లో గేమ్‌లోనే కనిపిస్తుంది. చివరి ల్యాప్‌లో పెట్రోల్ అయిపోయి ఆగిన కారుని చూడటం చాలా బాధగా ఉంటుంది, అదీ మూడు లీటర్ల కోసం.

ప్రాక్టీస్ ఎలా పంచాలి? మోంజా నీకు వచ్చు, ఇక వారానికి ఒక రేసు దూరం చాలు. ఒంటరిగా టైం కోసమే తిప్పే హాట్‌ల్యాప్‌లు ఆపేసి, సేఫ్టీ రేటింగ్ (ఎంత జాగ్రత్తగా నడుపుతున్నావో గేమ్ ఇచ్చే మార్కులు) అడిగే పబ్లిక్ సర్వర్లలో కార్ల మధ్య తిప్పు. లీగ్ సర్వర్‌కి కావాల్సిన రేటింగ్, ఆ ట్రాక్ నీకు వచ్చని గేమ్ ఇచ్చే ట్రాక్ మెడల్స్ కూడా ఆ దారిలోనే వస్తాయి. ట్రాక్ మెడల్స్ ఒక్కో ట్రాక్‌కి విడిగా సంపాదించాలి, చివరి మూడు ట్రాకుల్లో కూడా ఇప్పుడే తెచ్చిపెట్టుకో. జులైలో మౌంట్ పనోరమా మీద ఎక్కువ, క్యాలామి మీద కొంచెం. ఆగస్టులో రేసు ఉన్న వారం ఆ ట్రాక్, లేని వారం సుజుకా. మిడ్ ఎగ్జామ్స్ వారంలో ఏదీ వద్దు, అదే డ్రాప్ రేసు అనుకో. ఆ ఒక్క రేసుని చదువు కోసం వాడుకుంటే ఇంట్లో వాళ్ళు కూడా ఆదివారం రాత్రులు గొడవ చేయరు.

నీ లెక్క ఇలా వేస్తున్నాను. మోంజాలో ఎనిమిదో స్థానం 4, బ్రాండ్స్ హాచ్‌లో ఏడో స్థానం 6, న్యూర్బర్గ్‌రింగ్‌లో ఆరో స్థానం 8. స్పాలో వాన ప్రాక్టీస్ చేసి ఉంటే నాలుగో స్థానం 12. బార్సిలోనా డ్రాప్. సుజుకాలో నాలుగో స్థానం 12, క్యాలామిలో మూడో స్థానం 15, మౌంట్ పనోరమాలో రెండో స్థానం 18. మొత్తం 75. సీజన్ సగం అయ్యేసరికి నీకు 30 పాయింట్లే ఉంటాయి, టేబుల్‌లో ఏడో స్థానంలోనో ఎనిమిదో స్థానంలోనో కనిపిస్తావు. అప్పుడు కంగారు పడి సెటప్‌లు, కార్లు మార్చకుండా ఉంటే మిగతా 45 చివరి మూడింటిలో వస్తాయి.